తలుపు కింద బొమ్మలు

ఆ రోజు ఉదయం గడియమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. రెండు దుప్పట్లు ఉతికి వెనక వరండాలో ఆరేయడం, అవి ఆరేలోపు కాస్త నడుం వాల్చడం. అంతకు మించి ఆ రోజు ఆమె ఏమీ కోరుకోలేదు. అసలు ఆమె ఏ రోజూ ఏమీ కోరదు. చెడ్డ కబురేదీ రాకుండా పొద్దు గూకితే చాలు, దేవుడు ఇంకా తనను మరిచిపోలేదని ఒక దణ్ణం పెట్టుకుంటుంది.

గడియమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు, మొగుడు పెట్టిన పేరు. వీధి తలుపుకు పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి చొప్పున మూడు గడియలు వేసుకుని, మంచమెక్కి, "వేశానా?" అనుకుని, దిగివెళ్ళి చూసి, తిరిగి మంచమెక్కి, "చూశానా?" అనుకునే మనిషికి అంతకంటే తగిన పేరు ఉండదని ఆయన వాదన. ఆయన వడ్రంగి. కనుక ఆ ఇంట్లో దేనికి కరువొచ్చినా గడియలకు కరువు రాలేదు.

వాళ్ళు ఆ ఊరు వచ్చి మూడు నెలలైంది. బల్లలు, కుర్చీలు, తలుపులు చేసే పెద్ద కార్ఖానాలో వడ్రంగికి పని దొరికింది. కూతురు ఆ ఊరి భాష ముందే నేర్చుకుని, పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం చూసుకుంది. వడ్రంగికి ఆ భాషలో పనికి కావలసిన నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి. గడియమ్మకు మాత్రం ఒక్క ముక్క రాలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆ ఊరి అక్షరాలు చూస్తే ఆమెకు ఎవరో మేకుల డబ్బా నేలమీద బోర్లించినట్టు కనిపించేది.

భాష తెలియని ఊళ్ళో, పగలంతా ఒంటరిగా, మూడో అంతస్తులో. ఎవరైనా లోపలికి వచ్చి పీక పట్టుకుంటే "అయ్యో" అని అరిచినా అది "అయ్యో" అని ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిన రోజున ఆమె ముద్ద మింగలేకపోయింది. మర్నాడే ఒక ఉపాయం కనిపెట్టింది.

"ఏవండీ, మీరు పనికి వెళ్ళేటప్పుడు నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుపొండి."

"నీకేమైనా మతి పోయిందా?"

"తాళం చూస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు."

"ఎవరూ లేరనుకుంటేనే కదే దొంగ వచ్చేది!"

దానికీ ఆమె దగ్గర జవాబుంది. "ఎవరూ లేకపోతే తొందరేముంది, తీరిగ్గా రాత్రికి వద్దామని వెళ్ళిపోతాడు. రాత్రికి మీరుంటారు."

వడ్రంగి చాలాసేపు ఆలోచించాడు. ఆ మాటలో ఎక్కడో బీట ఉందని తెలుస్తోంది గానీ ఎక్కడుందో చేతికి దొరకలేదు. "నిప్పంటుకుంటే ఏం చేస్తావమ్మా?" అని కూతురు గోల పెట్టింది. గడియమ్మకు ఆ భయం కూడా పట్టుకుని, తాళం మానేయకుండానే, తలుపు పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకుంది.

అప్పటి నుంచి ప్రతి ఉదయం ఎనిమిదింటికి ఆ వసారాలో ఒక తంతు జరిగేది. కూతురు ఏడింటికే వెళ్ళిపోతుంది. వడ్రంగి బయటికి వచ్చి గొళ్ళెం పెట్టి, పిడికిలంత తాళంకప్ప వేసి, తలుపు మీద గట్టిగా కొట్టేవాడు.

"లాగు!" అని అరిచేవాడు.

గడియమ్మ లోపలి నుంచి బలమంతా పెట్టి తలుపు లాగేది. తలుపు దడదడలాడేది.

"ఇంకా గట్టిగా లాగు!"

"లాగుతున్నానండీ!"

"కదిలిందా?"

"కదల్లేదు!"

"ఇంక నోర్మూసుకుని కూచో!" అని, తాళంచెవి జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయేవాడు.

ఆ తంతునంతా ఎదురింటి తలుపు సందులోంచి ఒక కన్ను రోజూ చూస్తూ ఉండేది. ఆ కన్ను గల మనిషికి యాభై అయిదేళ్ళుంటాయి. నెరిసిన పొట్టి జుట్టు, లావుపాటి కళ్ళద్దాలు. ఒంటరి మనిషి, ఆ ఊరి మనిషే. తలుపు రెండు వేళ్ళ మందం తెరిచి చూడడం, తాను చూసినట్టు తెలియగానే మూసేసుకోవడం ఆవిడ అలవాటు. గడియమ్మ ఆవిడకు చూపులమ్మ అని పేరు పెట్టుకుంది, భయపడడానికి ఒక పేరంటూ ఉండాలి కనుక.

వాళ్ళు వచ్చిన కొత్తలో ఒకసారి, ఇరవై రోజుల కింద ఇంకోసారి చూపులమ్మ వచ్చి తలుపు తట్టింది. గడియమ్మ పలకలేదు. బయట తాళం ఉంది, అంటే లోపల మనిషి లేదు. లేని మనిషి ఎలా పలుకుతుంది? రెండోసారి ఆవిడ తలుపుకు నోరు ఆనించి చాలాసేపు ఏదో మెల్లగా, బతిమాలుతున్నట్టు మాట్లాడింది. గడియమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అయినా దిక్కుమాలిన దగ్గు ఆగలేదు. తాళం వేసిన ఇల్లు దగ్గింది. బయట గొంతు టక్కున ఆగిపోయింది.

ఇక ఆ ఉదయం సంగతి. దుప్పట్లు నానబెట్టి గడియమ్మ వెనక్కి తిరిగేసరికి, వీధి తలుపు కింది సందులోంచి ఒక కాగితం జరజరా లోపలికి వచ్చింది. దానంతటది పాకినట్టే వచ్చింది. ఆమె కాలితో తాకి చూసి, చీపురుపుల్లతో తిప్పి చూసి, అప్పుడు చేతిలోకి తీసుకుంది.

అక్షరాలు లేవు. బొమ్మ. ఊచల వెనక ఒక ఆడమనిషి, చెంపల మీద కన్నీళ్ళు. పక్కన తలుపు, తలుపుకు తాళంకప్ప. ఏ తాళమైనా కాదు, వాళ్ళ తాళమే. అంచున చిలుము పట్టిన చోటు కూడా దిద్దినట్టు గీశారు.

దొంగలకు తెలిసిపోయింది. లోపల మనిషి ఉందని తెలిసిపోయింది, ఆ మనిషి ఏడవబోతోందని ముందే చెబుతున్నారు.

పావుగంటకు రెండో కాగితం వచ్చింది. అందులో గడియారం. చిన్నముల్లు పదకొండు మీద, పెద్దముల్లు పన్నెండు మీద. దాని కింద ఇద్దరు మనుషులు. ఒకరి చేతిలో నిలువెత్తు కత్తెర లాంటిది. పక్కనే అదే తాళం, రెండు ముక్కలుగా.

ఫోను తీసి కూతురికి చేసింది. కూతురి ఫోను పని వేళల్లో బీరువాలో ఉంటుంది, ఎంత మోగినా పలకదు. డాక్టరు నంబరు గోడ మీద రాసి ఉంది గానీ, ఎత్తేవాళ్ళు వాళ్ళ భాషలో ఎత్తుతారు. అయిదుసార్లు కూతురికే చేసి, ఆరోసారి మొగుడికి చేసింది. రంపాల మోత మధ్య ఆయన పలికాడు.

"ఏవండీ, పదకొండింటికి వస్తారట!"

"ఎవరే?"

"దొంగలు!"

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళే చెప్పారు. బొమ్మలు గీసి పంపించారు."

అవతల రంపం ఆగింది. "ఒసేయ్, నాకు నాలుగు తలుపులు అప్పజెప్పాలి ఇవాళ. దొంగలు ఎక్కడైనా బొమ్మలేసుకుంటూ కూచుంటారా?"

"గడియారం కూడా వేశారండీ. ముళ్ళు కూడా సరిగ్గా పెట్టారు."

"సరే, పడుకో కాసేపు. జ్వరం గానీ తగిలిందేమో చూసుకో."

"మన తాళంకప్ప వేశారు. కుడివైపు చిలుముతో సహా!"

తాళం బొమ్మ ఎవరైనా వేస్తారు. ఆ చిలుము సంగతి ఇంట్లోవాళ్ళకూ, తాళానికీ తప్ప తెలియదు. "కుడివైపేనా?" అన్నాడు. గొంతు మారింది. "తలుపు తియ్యకు. వస్తున్నా."

"తియ్యడానికి తాళంచెవి మీ దగ్గరే ఉంది కదండీ!" అని ఆమె ఏడ్చింది.

ఆయన వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో తెలియదు. రెండు బస్సులు మారాలి. అంతవరకూ వాళ్ళను ఆపాలంటే ఇంట్లో మగదిక్కు ఉందని తెలియజెయ్యాలి. వాళ్ళకు తన భాష రాదు, తనకు వాళ్ళ భాష రాదు. వాళ్ళే దారి చూపించారు కదా అని, గడియమ్మ మొగుడి లావుపాటి పెన్సిలు తీసుకుని, రెండో కాగితం వెనక్కి తిప్పి, నేలమీద చతికిలబడింది.

ముందుగా పెద్ద మనిషిని వేసింది. గుబురు మీసాలు పెట్టింది. చేతిలో సుత్తి పెట్టింది, అది తలకంటే పెద్దదిగా వచ్చింది, అదీ మంచిదే అనుకుంది. ఆ మనిషి కాళ్ళ దగ్గర ఒక చిన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల దగ్గర చుక్కలు పెట్టింది. వస్తే మీ గతి ఇదీ అని దాని అర్థం. ఆ చిన్న మనిషికి జుట్టు ఎలా వేయాలో తోచక, అలవాటు కొద్దీ ముడి వేసేసింది. ఒక నిమిషం చూసుకుని, తనకే ఒళ్ళు జలదరించి, తలుపు కిందికి తోసింది.

వసారా వైపు కిటికీ తెర వేలెడంత తొలగించి చూసింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. చూపులమ్మ పిల్లిలా వచ్చి కాగితం తీసుకుంది. చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్క పరుగున లోపలికి పోయి తలుపు దబాలున వేసుకుంది.

"ఓసినీ, నువ్వేనా!" అనుకుంది గడియమ్మ. ముఠాకు కళ్ళు ఆవిడే అన్నమాట. మూడు నెలలుగా ఒంటికన్నుతో లెక్కలు కట్టింది. అయినా దెబ్బ తగిలింది, బెదిరింది. ఆ ఉదయం మొత్తంలో ఆమె గుండె కాస్త కుదుటపడింది ఆ ఒక్క నిమిషమే.

మూడో కాగితం వచ్చేవరకు. ఇందులో మనుషులు ముగ్గురయ్యారు. మూడోవాడికి తలమీద టోపీ, నడుముకు పటకా. వాడు నాయకుడై ఉంటాడు. బెదిరిస్తే తగ్గుతారనుకుంటే జనం పెరిగారు! కింద ఒక ఆడమనిషి పెదవుల మీద వేలు పెట్టుకుంది. పక్కన ఒక సంచి, సంచిలోంచి బట్ట అంచు కనిపిస్తోంది.

ఆ బొమ్మ ఆమెకు తేటతెల్లంగా అర్థమైంది. అరవకు. విలువైనవి సంచిలో సర్ది పెట్టు.

గడియమ్మ సర్దింది. ఎదురు తిరిగితే ప్రాణం పోతుంది, వస్తువులు పోతే పోయాయి. రెండు గాజులు, కూతురి చదువు కాగితాలు, మొగుడి బీపీ మాత్రలు వేసింది. మాత్రలు దొంగలకు ఎందుకని తీసేసింది. సంచి వాళ్ళు పట్టుకుపోతూ ఇంటికి మంట పెడితే మాత్రలు కాలిపోతాయని మళ్ళీ వేసింది. ఒక జత బట్టలు కూడా పెట్టింది, బొమ్మలో ఉంది కనుక. తర్వాత మూడు గడియలు వేసి, మంచం లాక్కొచ్చి తలుపుకు అడ్డం పెట్టి, దాని మీద కూర్చుని, కూతురికి మళ్ళీ మళ్ళీ ఫోను చేస్తూ గడియారం చూసింది. ఆ గడియారానికి ఇంత చప్పుడుందని ఆమె అంతకు ముందెప్పుడూ గమనించలేదు.

పదకొండుకు రెండు నిమిషాలుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

తెర సందులోంచి చూసింది. చూపులమ్మ వెనక ఒక బక్కపలచని మనిషి, భుజాన నిలువెత్తు కత్తెర. వాడి వెనక టోపీ, పటకా, నల్లబూట్లు, చేతిలో పుస్తకం. పోలీసు వేషం వేసుకొచ్చాడు! వేషం ఎంత బాగా కుదిరిందంటే, గడియమ్మ వాడికి అలవాటుగా చేతులు జోడించబోయి ఆపుకుంది. చూపులమ్మ కిటికీ దగ్గరికి వచ్చి ఊచల్లోంచి చెయ్యి లోపలికి చాపి ఏదో అంది. గడియమ్మ కెవ్వున కేకపెట్టి వెనక్కి పడింది. ఆ కేక వినగానే కత్తెరవాడు ఆలస్యం చెయ్యలేదు. టక్ మని తాళం తెగింది.

సరిగ్గా అప్పుడే వడ్రంగి మెట్లెక్కి వచ్చాడు, ఆయాసంతో, గుబురు మీసాలతో, చేతిలో సుత్తితో.

చూపులమ్మ తన చేతిలో ఉన్న, గడియమ్మ వేసిన బొమ్మ చూసింది. మనిషిని చూసింది. మీసం చూసింది. సుత్తి చూసింది. వేలెత్తి చూపిస్తూ పెట్టిన అరుపుకు కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. వడ్రంగి తన తలుపు దగ్గర కత్తెరవాడిని చూసి, "ఒరేయ్, చెయ్యి తియ్యరా!" అని సుత్తి ఎత్తాడు. పోలీసు ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచి గోడకు అదిమాడు. సుత్తి మెట్ల మీద ఒక్కొక్క మెట్టే దిగుతూ పోయింది.

"బాబాయ్! చెప్పు బాబాయ్! నువ్వు చెప్పు!" అని వడ్రంగి గోడలోకి అరిచాడు.

బాబాయ్ అంటే ఆయన వెంట వచ్చిన పాలిష్ బాబాయి. కార్ఖానాలో బల్లలకు మెరుగు పెట్టే పెద్దాయన, మనవాడే, ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా ఉన్నాడు. ఆ భాష తనకు కొట్టినపిండి అని చెప్పుకుంటాడు. నిజానికి ఆయనకు నలభై మాటలు వచ్చు. అన్నీ కార్ఖానాలో నేర్చినవి.

ఆయన చెప్పదలచుకున్నది ఇదీ: ఈమె మంచి ఇల్లాలు, వయసు మీద పడింది, భయస్తురాలు, తానే పట్టుబట్టి తాళం వేయించుకుంటుంది. దానికి తగిన మాటలు ఆయన దగ్గర లేవు. ఉన్నవాటితోనే గొంతు సవరించుకుని, పోలీసు ఎదుట నిలబడి నిదానంగా చెప్పాడు. ఆయన ఏం చెప్పాడో తర్వాత కూతురు చెబితేగానీ తెలియలేదు.

"సరుకు మంచిది. పాతది, కాని గట్టిది. రోజూ పొద్దున్న లోపల పెట్టి తాళం వేస్తాం. సాయంత్రం తీస్తాం. దెబ్బ తగిలితే మళ్ళీ మెరుగు పెడతాం. బయటికి ఇవ్వం."

చెప్పి, అంతా తేలిపోయినట్టు చిరునవ్వు నవ్వాడు. పోలీసు రెండో చేత్తో బాబాయి మెడ పట్టుకున్నాడు. చూపులమ్మ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

ఇదంతా గడియమ్మ తెర సందులోంచి చూస్తోంది. మాటలు తెలియవు, కాని చూపుకు భాష అక్కర్లేదు. మొగుడి చెంప గోడకు నొక్కుకుపోయి ఉంది. కళ్ళు ఇటే చూస్తున్నాయి. చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు, కుడిచెయ్యి, రంపం పట్టే చెయ్యి. ఆ చెయ్యి పోతే ఆయన ఏమవుతాడు? అసలు తను ఫోను చెయ్యకపోతే ఆయన ఈపాటికి కార్ఖానాలో తలుపులకు రంధ్రాలు వేసుకుంటూ క్షేమంగా ఉండేవాడు. దొంగ నుంచి ఇంటిని కాపాడుకుందామని మొగుడిని దొంగల నోట్లో పెట్టింది.

తలుపు ఇంకా తెరుచుకోలేదు. తాళం తెగినా లోపల మూడు గడియలున్నాయి, అవి వడ్రంగి తన ఇంటికి చేసుకున్న గడియలు. కత్తెరవాడు భుజంతో గుద్ది, భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపు వెనక ఆమె సాయంత్రం దాకా ఉండిపోవచ్చు.

గడియమ్మ మంచం పక్కకు లాగింది. పై గడియ తీసింది. మధ్య గడియ తీసింది. కింది గడియ బిగుసుకుని రెండుసార్లు కదల్లేదు. మూడోసారి అదీ తీసి, తలుపు బార్లా తెరిచి, సంచి ముందుకు చాచి, గొంతు చించుకుని అరిచింది.

"అంతా ఇందులోనే ఉంది! తీసుకుపొండి! ఆయన్ని వదిలెయ్యండి!"

ఎవరికీ అర్థం కాలేదు. అందరికీ సంచి మాత్రం కనిపించింది. చూపులమ్మ అందులోకి తొంగి చూసింది. చెప్పినట్టే సర్దుకుంది, పాపం, ఒక జత బట్టలతో సహా! ఇంకేమీ ఆలోచించకుండా ముందుకు ఉరికి గడియమ్మను రెండు చేతులా కావలించుకుంది.

గడియమ్మ కర్రలా బిగుసుకుపోయింది. పీక నొక్కుతుందేమోనని కళ్ళు మూసుకుంది. క్షణాలు గడిచాయి. పీక నొక్కలేదు. తన వీపు మీద ఉన్న చేతులు వణుకుతున్నాయి. వేళ్ళ చివర్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. గుండె మెడ దగ్గర కొట్టుకుంటోంది. మాటలు తెలియకపోయినా గడియమ్మకు ఈ ఒక్క విద్యలో మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. వణుకుల్లో ఆమెకు తెలియని వణుకు లేదు. దొంగ చేతులు ఇలా వణకవు. ఇది భయంతో రాత్రిళ్ళు నిద్రపోని మనిషి వణుకు.

తనకు తెలియకుండానే ఆవిడ వీపు నిమిరింది. "ఊరుకోమ్మా, ఊరుకో. ఏం కాదు" అంది. ఆ మాట తను ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి.

అప్పుడు ఫోను మోగింది. పళ్ళ డాక్టరు దగ్గర టీ తాగే వేళయింది.

"అమ్మా! పదిహేడు సార్లు చేశావేంటి? ఏమైంది? గ్యాసా?"

"గ్యాసు కాదే. దొంగలు."

"దొంగలా! ఎక్కడ?"

"ఇక్కడే. ముగ్గురు. ఒకడు భుజం నొప్పెట్టి కూచున్నాడు. ఒకడు మీ నాన్ననీ, పాలిష్ బాబాయినీ పట్టుకున్నాడు. ఒకావిడ నన్ను కావలించుకుని ఏడుస్తోంది."

"ఫోను ఆవిడకివ్వమ్మా" అంది కూతురు.

చూపులమ్మ మాట్లాడింది. తర్వాత పోలీసు మాట్లాడాడు. అతను పోలీసు వేషం వేసుకున్నవాడు కాదనీ, పోలీసేననీ తేలాక గడియమ్మకు కొత్తగా ఇంకో భయం పట్టుకుంది. కూతురి గొంతు అందరికీ వినిపించేలా ఫోను మధ్యలో పెట్టారు.

"అమ్మా, పోలీసాయన అడుగుతున్నారు. నిన్ను లోపల పెట్టి తాళం వేసేది ఎవరు?"

"మీ నాన్న."

"ఎవరు వెయ్యమంటే?"

"నేనే."

"ఎందుకని?"

"భయమేసి."

"ఎవరంటే భయం? నాన్నంటేనా?"

గడియమ్మకు అంత గండంలోనూ నవ్వొచ్చింది. "ఆయనంటేనా? ఆయనకి బొద్దింకంటే భయం."

"అదిప్పుడు పోలీసులకి చెప్పాలా?" అన్నాడు వడ్రంగి గోడకు అతుక్కునే.

"సుత్తితో కొడతాడని బొమ్మ వేశావటగా?"

"నన్ను కాదే! దొంగని!"

"మరి కిందపడ్డ మనిషికి ముడి ఎందుకు వేశావమ్మా?"

"నాకు మగవాళ్ళ తల వెయ్యడం రాదు" అంది గడియమ్మ. కూతురు ఆ మాటను ఎలా తిప్పి చెప్పిందో గానీ, బాబాయి మెడా, వడ్రంగి చెయ్యీ వదిలి పోలీసు తన మీసం సర్దుకున్నాడు.

"ఇంతకీ ఎవరంటే భయమని అడుగుతున్నారమ్మా. పేరు రాసుకోవాలట."

గడియమ్మ వేలు ఎత్తి చూపులమ్మను చూపించింది. "ఈవిడంటే. మూడు నెలల్నుంచీ ఒంటికన్నుతో చూస్తోంది."

కూతురు అది కూడా చెప్పింది. చూపులమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మెల్లగా మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడింది. కూతురి గొంతు ఈసారి కాస్త తగ్గింది.

"అమ్మా, ఆవిడకీ భయమేనట. ఒక్కతే ఉంటుంది. ఏ చప్పుడైనా సందులోంచి చూడకపోతే ప్రాణం నిలవదట. రోజూ నాన్న అరవడం, నువ్వు తలుపు బద్దలు కొడుతున్నట్టు లాగడం, ఆయన ఈల వేసుకుంటూ పోవడం. ఆ దగ్గు విన్న రోజు నుంచీ అన్నం సయించలేదట. ఇరవై రోజులు ధైర్యం కూడగట్టుకుని ఈ బొమ్మలు వేసిందట. నాన్నని చూస్తే ఇప్పటికీ కాళ్ళు వణుకుతున్నాయంటోంది."

"ఇరవై రోజులా?" అంది గడియమ్మ. ఎదుటి మనిషిని మొదటిసారి రెండు కళ్ళతో చూసింది. తనకైతే ఇరవై ఏళ్ళయినా ఆ ధైర్యం కూడేది కాదు.

పోలీసు తన పుస్తకంలో అంతా రాసుకున్నాడు. తాళం వేసిన ఇంట్లో ఉన్నవారు, ఒకరు. ఫిర్యాదు చేసినవారు, ఒకరు. తప్పుడు మాటలు చెప్పినవారు, ఒకరు. బాబాయి ఆ వరుస చూసి తన భాష మెచ్చుకున్నారనుకుని దణ్ణం పెట్టాడు. ఇక మీదట ఈ తలుపుకు బయట తాళం వెయ్యనని వడ్రంగి చేత పోలీసు సంతకం పెట్టించుకున్నాడు. రేపు వచ్చి చూస్తానన్నాడు.

అతను మెట్లు దిగబోతుండగా చూపులమ్మ ఫోను దగ్గరికి వంగి ఇంకేదో అడిగింది. కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది.

"అమ్మా, తాళం వేసుకున్న ఈ మూడు నెలల్లో ఒక్క దొంగయినా వచ్చాడా అని అడుగుతోంది."

"ఒక్కడూ రాలేదు. చెప్పు."

చూపులమ్మ తెగిపడిన తాళంకప్పను వంగి చేతిలోకి తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తర్వాత తన తలుపు వైపు, వడ్రంగి వైపు, మళ్ళీ తన తలుపు వైపు చూసింది.

మర్నాడు పదింటికి పోలీసు అన్నమాట ప్రకారం వచ్చాడు. వడ్రంగి ఇంటి తలుపుకు తాళం లేదు, దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే లోపల ఎవరూ లేరు. వెనక వరండాలో రెండు దుప్పట్లు ఆరుతున్నాయి. అతను తృప్తిగా తల పంకించి వెనక్కి తిరిగాడు. ఎదురింటి తలుపుకు కొత్త గొళ్ళెం, కొత్త తాళంకప్ప ఉన్నాయి. లోపలి నుంచి ఇద్దరు ఆడవాళ్ళ గొంతులు రెండు భాషల్లో ఒకేసారి వినిపిస్తున్నాయి. అతను తలుపు తట్టగానే రెండూ ఆగిపోయాయి.

పోలీసు పుస్తకం తీసి, నిన్నటి పేజీలో "తాళం వేసిన ఇంట్లో ఉన్నవారు" అన్నచోట ఒకరు కొట్టేసి, ఇద్దరు అని దిద్దుకున్నాడు.